రైస్ కుక్కర్ పట్టే దీవి

పదకొండు దాటింది, అందరూ పడుకున్నారు. ఇంటిల్లిపాదీ ఏ దీవికి పోదామా అన్న చర్చలో, రాత్రి అన్నం దగ్గర ఈయన అన్న మాట మాత్రం నాకు ఇంకా అరగలేదు. "చిన్న రైస్ కుక్కర్ ఒకటి పెట్టుకుంటే ఏ దీవైనా పర్లేదే. మాల్దీవులైనా సరే, అండమానైనా సరే."

పెరుగు కలుపుకుంటూ మామూలుగానే అన్నారు. అత్తమ్మ "అదీ మాట" అంది. చిన్నోడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే "సూపర్ నాన్నా" అన్నాడు. సంక్రాంతి నుంచి నేను చూసిన వీడియోలు, నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్కలు అన్నీ అక్కడితో సరి. అసలు చిక్కంతా అన్నం దగ్గరే ఉన్నట్టు, అది కూడా తేలిపోయినట్టు, ఎవరి కంచం దగ్గర నుంచి వాళ్లు లేచిపోయారు. ఆ కుక్కర్లో బియ్యం కడిగి పోసేదెవరని ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన పనేముంది?

మీకు తెలుసుగా, నాది మొదటి నుంచీ మాల్దీవుల పట్టు. సముద్రం మీద కొయ్య స్తంభాలేసి కట్టిన ఆ గది, మంచం పక్కనే నీళ్లలోకి దిగే మెట్లు, అన్నిటికంటే ముఖ్యంగా వంటిల్లు లేని ఇల్లు. ఒక దీవికి ఒకే రిసార్టు. ఇంకో ఇల్లుండదు, చుట్టాలుండరు, "ఏం చేస్తుండావు" అని తొంగి చూసేవాళ్లుండరు. మనకు వీసా గొడవ కూడా లేదు, దిగాక ఉచితంగానే వేస్తారు.

ఆ ఏజెంటు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఊరు పేరు, మనిషి పేరు వద్దు. రోజూ పొద్దున్నే "గుడ్ మార్నింగ్ మేడమ్" అని అదే నీలి నీళ్ల ఫొటో పెడతాడు. మొదట చెప్పిన రేటుకు నేను ఎగిరి గంతేశాను. తర్వాత కింద చీమ తలకాయంత అక్షరాల్లో చూస్తే "ట్రాన్స్‌ఫర్స్ ఎక్స్‌ట్రా". అంటే విమానం దిగిన చోటి నుంచి రిసార్టు దాకా స్పీడ్‌బోటుకో, నీళ్లమీద వాలే విమానానికో వేరే కట్టాలి. మనిషికి అది వేరే, ఇది వేరే. రిసార్టులో ఉంటే తలకు రాత్రికి 12 డాలర్లు గ్రీన్ ట్యాక్స్ అట, దాని మాటే ఎత్తలేదు. ఆ చిన్న విమానాలు చీకటి పడ్డాక ఎగరవు, మనం సాయంత్రం దిగితే ఆ రాత్రికి రాజధాని మాలేలో ఇంకో రూము చూసుకోవాలి. "మొత్తం కలిపి ఎంతవుతుందో ఒక్క అంకె చెప్పు నాయనా" అని అడిగితే "కాల్ చేస్తా మేడమ్" అంటాడు. చెయ్యడు. మళ్లీ పొద్దున్నే గుడ్ మార్నింగ్.

ఈలోగా ఇంట్లో ఇంకో పంచాయితీ. సముద్రం చూడ్డానికి లక్షలెందుకు, పక్కనే మైపాడు ఉంది కదా అని అత్తమ్మ. నిజమే, ఉంది. కార్తీక పౌర్ణమికి అక్కడ మునిగిన వాళ్లమే. మోకాళ్ల లోతు దిగేసరికి కాళ్ల కింద ఇసుక జారిపోతుంది, అల వచ్చి చెంప మీద కొట్టినట్టు కొడుతుంది. పెన్న, కృష్ణ, గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుతో మన తీరం నీళ్లు ఎప్పుడూ టీ రంగులోనే ఉంటాయి. ఆ దీవుల దగ్గర నదులు లేవు, ఒండ్రు లేదు. చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉండి అలను బయటే విరగ్గొడుతుంది. లోపల నీళ్లు చెరువులా ఉంటాయి, అడుగున తెల్ల ఇసుక కాబట్టి ఆ రంగు. ఈత రాని దాన్ని నేను. నడుం లోతు నీళ్లలో భయం లేకుండా ఒక గంట నిలబడాలన్నదే నా కోరిక. ఇది చెప్తే అందరూ నవ్వారు.

అంతటితో ఆగక, ఆ ఇసుక ఎట్టా తయారవుతుందో కూడా చెప్పాను. చిలుక చేపలని ఉంటాయి, ముక్కులాంటి పళ్లతో పగడాన్ని కొరికి మింగి, అరగని సున్నాన్ని ఇసుకగా విసర్జిస్తాయి. ఆ తెల్ల ఇసుకలో చాలా భాగం వాటి పుణ్యమే. అత్తమ్మ కాసేపు ఆలోచించి, "అంటే చేప పెంట మీద నడవడానికి అన్ని లక్షలు పొయ్యాలా?" అంది. పెద్దది నవ్వలేక పక్కగదిలోకి పరిగెత్తింది. నాకు ఒళ్లు మండింది కానీ, ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది.

దీవి అంటే నాకు మొదట గుర్తొచ్చేది అసలు మాల్దీవులు కాదు, పులికాట్ సరస్సులో ఉన్న ఇరకం. మా సూళ్లూరుపేట రోజుల్లో నాయన ఒకసారి తీసుకుపోయాడు. (2022లో సూళ్లూరుపేటను తిరుపతి జిల్లాలో కలిపారు. కాగితం మీద ఎటు కలిపినా నాకది నెల్లూరే.) భీములవారిపాలెం దగ్గర పడవెక్కాం. పులికాట్ అంటే పెద్ద సముద్రమనుకుని నేను పడవ అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. సగం దూరం పోయాక పడవ ఆగిపోయింది. పడవాయన లుంగీ ఎగ్గట్టి నీళ్లలోకి దూకేశాడు. నేను కెవ్వుమన్నాను. చూస్తే నీళ్లు ఆయన మోకాళ్ల దాకా కూడా లేవు. బీడీ నోట్లోనే ఉంది. నింపాదిగా పడవను తోసుకుంటూ నడిచాడు. దూరంగా ఎర్రకాళ్ల కొంగలు బారులు తీరి ఉన్నాయి. ఫ్లెమింగోలని అప్పుడు మాకెవరికీ తెలీదు.

అమ్మ ఒళ్లో స్టీలు క్యారియర్. పులిహోర, పెరుగన్నం, అందరికీ సరిపడా తెల్లవారుజామునే లేచి చేసింది. మేం వెళ్లిన ఇంటావిడ ఆ క్యారియర్ చూసి నొచ్చుకుంది. "మా ఇంటికొస్తా అన్నం తెచ్చుకుంటారామ్మా" అని దాన్ని తీసి మూలన పెట్టేసి, అమ్మను సాయం చెయ్యడానికి కూడా వంటింట్లోకి రానియ్యలేదు. రొయ్యల పులుసుతో అన్నం పెట్టింది. తిన్నాక అమ్మ వసారాలో నవారు మంచం మీద, ఆ గాలికి పడుకుని నిద్రపోయింది. చీకటి పడబోతుందని నాయన లేపేదాకా లేవలేదు. మా అమ్మ పగటిపూట నిద్రపోవడం నేను అంతకు ముందు చూసి ఎరగను. జ్వరమొచ్చిందేమోనని రెండుసార్లు వెళ్లి నుదురు పట్టుకుని చూశాను.

మొన్న ఫోన్లో అడిగాను, "ఇరకంలో మధ్యాహ్నమంతా నిద్రపోయావు, గుర్తుందా అమ్మా" అని. నిద్ర సంగతి ఆమెకు అస్సలు గుర్తు లేదు. "వచ్చేటప్పుడు క్యారియర్ మూత నీళ్లలో పడిపోయిందే, దానికి మళ్లీ సరైన మూతే దొరకలేదు" అంది. ఇంకేం మాట్లాడతాం.

ఇది రాస్తుంటే నాకే అనుమానం మొదలైంది. మాల్దీవుల రిసార్టులో నాకు ఏం తోస్తుంది? పొద్దున్నే నడక మొదలుపెడితే పది నిమిషాల్లో దీవి అయిపోతుంది. ఊరు లేదు, కొట్టు లేదు, వసారాలో కూర్చోమనే ఇంటావిడ లేదు. పక్కన ఈయన కూర్చుని కాఫీకి ఎన్ని డాలర్లు, అది ఎన్ని రూపాయలు అని లెక్కేసి చెప్తుంటే ఆ కాఫీ దిగుతుందా? జనం ఉండే దీవులు వేరే ఉన్నాయి, మాఫుషి లాంటివి. గెస్ట్‌హౌసులు చవక కూడా. కానీ దేనికైనా పాస్‌పోర్టు కావాలి. అత్తమ్మకు లేదు. ఆమెను వదిలి వెళ్తే హైదరాబాద్ వదిన ఊరుకోదు. వదిన మారిషస్ అంటోంది, అక్కడ తెలుగువాళ్లున్నారు, ఉగాదికి ప్రభుత్వ సెలవు కూడా ఇస్తారు అని. దానికీ పాస్‌పోర్టు కావాలి తల్లీ! లక్షద్వీప్‌కు పాస్‌పోర్టు అక్కర్లేదు గానీ, మన దేశమే అయినా పర్మిట్ కావాలి. మామూలుగా కొచ్చి దాకా పోయి అక్కణ్ణుంచి విమానమో ఓడో ఎక్కాలి. ఈయన ఆఫీసు సెలవులకు అది కుదరదు.

మిగిలింది అండమాన్. చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు విమానం, ఆధార్ కార్డు చాలు. ఏప్రిల్లో అయితే వానలు కూడా మొదలు కావు. పేర్ల దగ్గరే ఈయన తికమక పడుతున్నారు. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. హావ్‌లాక్, నీల్ అక్కడి దీవులే, అవి 2018లోనే స్వరాజ్ ద్వీప్, శహీద్ ద్వీప్ అయ్యాయి. ఏజెంటు కాగితంలో ఒకచోట పాత పేరు, ఒకచోట కొత్త పేరు. అవన్నీ వేరే వేరే దీవులనుకుని ఈయన "ఇన్ని చోట్లకు తిప్పితే అమ్మ తట్టుకోలేదు" అని కూర్చున్నారు.

నా మనసు నీల్ మీద పడింది. చిన్నది, కూరగాయల తోటలున్నాయి, ఊరుంది, మనుషులున్నారు. బీచ్‌ల పేర్లు భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్. అత్తమ్మకు ఈ పేర్లు చెప్తే చాలు, ఆమె ఓటు మనదే. భరత్‌పూర్‌లో పోటు మీద ఉన్నప్పుడు నీళ్లు నిలకడగా, లోతు లేకుండా ఉంటాయట. పాటు తీస్తే మాత్రం రాళ్లు తేలతాయి, కాబట్టి టైము చూసుకుని దిగాలి. సాయంత్రం అయిదున్నరకే చీకటి. ఉప్పునీటి మొసళ్లు తిరిగే చోట్లు కొన్ని ఉన్నాయి, అక్కడ బోర్డులు పెడతారు. ఈ సంగతి ఇంట్లో ఇప్పుడే చెప్పను.

రేపు ఏజెంటును అడుగుతాను. ఇతన్ని కాదు, ఇంకొకర్ని. మూడు పూటలా భోజనం కలిపి, మొత్తం ఒక్క అంకెలో చెప్పమంటాను. నీల్‌లో రెండు రాత్రులు, హావ్‌లాక్‌లో ఒకటి. చిన్నోడు తిరగేసి అడుగుతాడు, వాడికి డైవింగ్ కావాలి. వాడితో గొడవ రేపు.