చెట్లు కొలవడానికి పనామా దాకా ఎందుకంటే

సంక్రాంతికి ఇంటికొచ్చిన ప్రతిసారీ మా బాబాయి అడిగేది ఒకటే, "ఒరేయ్, చెట్లు కొలవడానికి అంత దూరం పోవాలా, మన కోరంగిలో లేవా చెట్లు?" అని. మావైపు బయట దేశం అంటే కువైట్, మస్కట్, లేదంటే అమెరికాలో సాఫ్ట్‌వేర్, కాబట్టి చెట్లు కొలిచి అడవిలో ఎంత కార్బన్ ఉందో లెక్కకట్టే నా పని ఎవరికీ ఓ పట్టాన అర్థం కాదు. కోరంగి అంటే కాకినాడ దగ్గర, గోదారి సముద్రంలో కలిసే చోట ఉన్న మడ అడవి. కానీ బాబాయి అడిగిందాంట్లో చాలా నిజం ఉంది, అందుకే ఇది రాస్తున్నా.

నేనుండేది గాంబోవాలో, పనామా కాలువ పక్కనే. కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కడితే గాటూన్ సరస్సు ఏర్పడింది, అందులో మునగకుండా మిగిలిన కొండే బారో కొలొరాడో దీవి. అక్కడ 50 హెక్టార్ల అడవిలో 1 సెంటీమీటరు లావు దాటిన ప్రతి కాండానికీ నంబరు బిళ్ళ కట్టి 1980ల మొదటి నుంచీ దాదాపు ఐదేళ్ళకోసారి మళ్ళీ మళ్ళీ కొలుస్తున్నారు, 2 లక్షలు దాటిన మొక్కలు. మేం కొలిచే అడవి ముక్కలు చిన్నవి గానీ పద్ధతి అదే, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో టేపు చుట్టాలి, పలకల్లా వేర్లు లేచిన చెట్టయితే ఆ వేర్లు అయిపోయాక ఇంకో అర మీటరు పైన, అంటే నిచ్చెన మోసుకెళ్ళాల్సిందే. సాయంత్రం ఒంటి మీద పిడుదుల్ని మాస్కింగ్ టేపుతో పీక్కోవడం రోజువారీ పని.

నాతో వచ్చే పనామా వాళ్ళు బెరడు కొంచెం గీకి వాసన చూసి చెట్టు పేరు చెప్పేస్తారు, ఆకు 30 మీటర్ల పైన ఉంటుంది మరి. ఆ పేరు తప్పితే లెక్కంతా తప్పుతుంది, ఎందుకంటే ఒకే లావున్నా బాల్సా కర్ర చాలా తేలిక, అల్మెండ్రో చాలా బరువు. లావు, ఎత్తు, కర్ర సాంద్రత మూడూ కలిపితే చెట్టు ఎండు బరువు అంచనాకొస్తుంది, అందులో 47 శాతం దాకా కార్బన్. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీదున్న గెడి లేజర్ 25 మీటర్ల చుక్కలు చుక్కలుగా అడవి ఎత్తు కొలుస్తుంది గానీ ఎత్తుని టన్నుల్లోకి మార్చాలంటే ఈ టేపు చుట్టిన లెక్కలే ఆధారం. ఆ టేపు పట్టిన వాళ్ళ పేర్లు పరిశోధన పత్రాల్లో చాలాసార్లు రావు. రావాలి, మీటింగుల్లో ఇది అంటూనే ఉంటా.

రాత్రి 8కి ఫోన్ చేస్తే అమ్మకి మర్నాడు పొద్దున్న 6:30. అన్నం పనామా వాళ్ళకీ రోజూ ఉండాల్సిందే, కరీబియన్ తీరంలో కొబ్బరిపాలు పోసి వండుతారు, అది తిన్న రోజు ఇల్లు బాగా గుర్తొచ్చింది.

ఇక కోరంగి సంగతి. ఎత్తుని బట్టి గీసే మ్యాపుల్లో పనామా అడవి ముదురు రంగులో ఉంటే మన మడ అడవి లేతగా, ఏమీ లేనట్టు కనిపిస్తుంది, చెట్లు పొట్టివి కదా. చూసిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది, ఎందుకంటే అసలు సరుకు బురదలో ఉంది. మడ చెట్టు ఊపిరి వేర్లు పైకెందుకొస్తాయి, కింద గాలి ఆడదు కాబట్టి. గాలి ఆడకపోతే రాలిన ఆకూ చచ్చిన వేరూ తొందరగా కుళ్ళవు, గోదారి తెచ్చిన ఒండ్రు వాటి మీద పడి పూడ్చేస్తుంది, అలా వందల ఏళ్ళు. 2011లో అచ్చయిన పరిశోధనలో ఇండో పసిఫిక్‌లోని 25 మడ అడవుల్లో సగటున హెక్టారుకి 1,023 టన్నుల కార్బన్ తేలింది, అందులో 49 నుంచి 98 శాతం మట్టిలోనే. అలాంటి మట్టిని రొయ్యల చెరువు కోసం తవ్వితే గాలి తగిలి ఆ కార్బన్ పైకి పోవడం మొదలవుతుంది. మా చుట్టాల్లోనూ చెరువులున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ బతుకు నాకు తెలుసు, అయినా మిగిలిన మడ జోలికి పోవద్దనే చెప్తాను.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నాసా, ఇస్రోల ఉపగ్రహం నైసార్‌లో ఒక రాడార్ తరంగం పొడవు 24 సెంటీమీటర్లు, అది మబ్బుల్లోంచీ ఆకుల్లోంచీ దూరి కొమ్మల్నీ కాండాల్నీ తాకుతుంది. బురద లోపల కార్బన్ మాత్రం దానికీ అందదు. పైగా పోటు మీద తీసిన ఇమేజీకీ ఆటు మీద తీసిన దానికీ అదే అడవి వేరుగా కనిపిస్తుంది, కింద నీళ్ళుంటే తరంగం తిరిగొచ్చే తీరు మారిపోతుంది కాబట్టి. ఏ రోజు ఏ కాలవలో నీళ్ళు ఎంతుంటాయో కోరంగి పడవవాళ్ళని అడగాలి, వాళ్ళకి తెలిసినంత మా ల్యాబులో ఎవరికీ తెలీదు.

కాకినాడ, అమలాపురంలో బోటనీ, జియాలజీ చదివే పిల్లలూ, ఈ పని మీరు మొదలుపెట్టొచ్చు. గెడి, నైసార్ డేటా ఫ్రీ. ఉప్పు పొన్న అనే మడ చెట్టుకైతే అన్నిటికంటే పైనున్న ఊత వేరు దాటాక 30 సెంటీమీటర్ల పైన టేపు చుట్టండి, మట్టి కనీసం మీటరు లోతు దాకా తీయండి, శాంక్చువరీ కాబట్టి ముందు అటవీ శాఖ పర్మిషన్ తీసుకోండి. లెక్కల దగ్గర ఆగిపోతే నాకు రాయండి, పనామా నుంచైనా కూర్చుని చూస్తా.