స్టాంపు పడ్డాక ఆగిన ఫారం

2018 నవంబరు నుంచి 2021 డిసెంబరు దాకా జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో పనిచేశాను. పెన్షన్ బీమా కింద నెలనెలా నా జీతంలో 9.3 శాతం పోయేది, కంపెనీ ఇంకో 9.3 కట్టేది. "నువ్వు కడుతున్నది నా పెన్షనే" అని మా ఇంటి ఓనరమ్మ నవ్వేది. నిజమే, అక్కడ ఇవాళ వసూలైన చందాలతోనే ఇవాళ్టి పెన్షన్లు ఇస్తారు.

హన్మకొండకు తిరిగొచ్చి సొంత పని పెట్టుకున్నాక చేతిలో డబ్బు ఆడక అక్కడ కట్టిన ఆ డబ్బు గుర్తొచ్చింది. నాలాగా ఐదేళ్లలోపే కట్టి వచ్చేసినవాళ్లు వాపసు అడగొచ్చు, కానీ 24 నెలలు ఆగాలి. అదీ మన వాటానే. కంపెనీ కట్టిన సగం అక్కడే ఉండిపోతుంది.

2024 జనవరిలో వాపసు ఫారం నింపాను. అసలు టెన్షన్ బ్యాంకులో మొదలైంది. జర్మనీ రికార్డులో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఇక్కడి ఖాతాలో ఒక్క అక్షరమే. ఖాతా వివరాల కాగితం మీద స్టాంపు అడిగితే, "ఇది ఏ భాషనో తెల్వది సార్, మేమెట్ల వేస్తం?" అన్నారు. మూడుసార్లు తిరిగి, ఖాతాలో పేరు మార్పించాక పడింది.

కవరు అంటించే ముందు పాత ఫైల్లో పీఎఫ్ స్కీమ్ సర్టిఫికెట్ కనబడింది. జర్మనీకి పోకముందు ఇక్కడ చేసిన ఏడేళ్ల రెండు నెలల సర్వీసు అందులో ఉంది. నెలనెలా ఈపీఎస్, అంటే పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకం, కింద పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. అయితే 2017 మే 1 నుంచి అమల్లో ఉన్న భారత్-జర్మనీ ఒప్పందం ప్రకారం, అర్హత చూసేటప్పుడు రెండు చోట్ల సర్వీసూ కలుపుతారు. నాది పదేళ్ల నాలుగు నెలలైంది! జర్మనీ పెన్షన్‌కు కావాల్సిన 60 నెలలూ అలాగే నిండుతాయి. ఎవరి వాటా పెన్షన్ వాళ్లిస్తారు, ఇక్కడ 58కి, అక్కడ 67కి. వాపసు తీసుకుంటే మాత్రం ఆ 38 నెలలు లెక్కలోంచే పోతాయి.

"అరవై ఏడేండ్లకా!" అని ఇంట్లో నవ్వారు. జగిత్యాల మామ నవ్వలేదు. ఆయన దుబాయిలో 22 ఏళ్లు చేశాడు. అక్కడ మనవాళ్లకు పెన్షన్ లేదు, గ్రాట్యుటీయే. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత 30 రోజులది. వచ్చింది బోరుకూ మరదలి పెళ్లికీ సరిపోయింది.

"ఆగుదామన్నా నాకేం లేకుండె అల్లుడా. నీకుంది గదా" అన్నాడు.

ఫారం బీరువాలో ఉంది, స్టాంపుతో సహా.