లారీ ఎత్తు అరుగు

ఫిబ్రవరి, మంగళవారం రాత్రి

ఇంటికొచ్చి తలస్నానం చేసినా ముక్కులో ఇంకా మిర్చి ఘాటే. గుంటూరు పట్నం బజారు వైపు మా సేవాసంస్థకి దొరికిన ఆ పాత గోడౌన్‌లో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దించడం ఎప్పుడో మానేశారు. ఊరి చుట్టూ కోల్డ్ స్టోరేజీలు వచ్చాక, కాయ రంగు పోకుండా ఉంటుందని సరుకంతా అటే వెళ్లింది. అయినా ఇవాళ నేల కడుగుతుంటే బండల సందుల్లోంచి పాత ఘాటు లేచింది. నలుగురం దగ్గుకుంటూ బయటికి వచ్చేశాం.

కట్టడం మాత్రం గట్టిది. రెండడుగుల మందం గోడలు, పైన మంగళూరు పెంకులు. మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంది. వెలుతురు కోసం అక్కడక్కడ గాజు పెంకులు వేయించాం. కంప్యూటర్లు పెట్టబోయే చోట లైటు వేయకుండానే ఫారం చదవగలిగాను, ఎంత సంతోషం వేసిందో. గోడ అడుగున ఎవరో సిమెంటు పూశారు, సరిగ్గా అక్కడే పెచ్చులూడుతోంది. సున్నపు గోడకి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోదని, మళ్లీ గానుగ సున్నమే పూయాలని తాపీ మేస్త్రి గారు చెప్పారు. ఖర్చు ఎక్కువే, ఒప్పుకున్నాం.

అసలు చిక్కు అరుగు దగ్గర వచ్చింది. నేలకి మూడడుగుల ఎత్తు. ఎందుకలా కట్టారో పక్క కొట్టు ముందు కూర్చునే పెద్దాయన చెప్పారు. ఆయన ఒకప్పుడు అక్కడే హమాలీ.

"లారీ వెనక్కి పెడితే అరుగు అందాలమ్మా. లేకపోతే బస్తా దించేవాడి నడుం పోద్ది."

ఇప్పుడు మా దగ్గరికి దివ్యాంగులు వచ్చేది వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం, వీల్‌చైర్ రిపేరు కోసం. ఇన్నాళ్లూ అద్దె గది మేడ మీద ఉండేది. ఇంకొకరు ఎత్తుకుని తీసుకెళ్లడం ఇష్టం లేక మెట్ల కిందే కూర్చుని ఫారం నింపించుకున్న వాళ్లున్నారు. వాళ్ల ముందు నిలబడి రాసిన ప్రతిసారీ సిగ్గుగా అనిపించేది.

బళ్లు పెట్టుకోవడానికి జాగా మిగులుతుందని, 12 అడుగుల్లోనే ర్యాంపు కట్టేద్దామన్నారు మేస్త్రి గారు. నియమం ప్రకారం అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవుండాలి. అంటే మూడడుగులకి 36. ముందున్న స్థలమేమో 24 అడుగులే. నాకు టెన్షన్ మొదలైంది.

మా లెక్కలన్నీ చూసే అక్క వీల్‌చైర్‌లోనే తిరుగుతుంది. "మీరన్న వాలులో ఒకసారి పలకలు వేయండి, ఎక్కి చూస్తాను" అంది. వేశారు. సగం ఎక్కేసరికి చేతులు వణికాయి, కుర్చీ వెనక్కి జారింది. మేస్త్రి గారే పట్టుకుని మెల్లగా కిందికి దించారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత సున్నం పొడి తెచ్చి నేల మీద గీత గీశారు: 18 అడుగులు వెళ్లి, 5 అడుగుల చదునైన మలుపు తిరిగి, మళ్లీ 18. రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలు. బళ్ల జాగా మొత్తం పోయింది, పోనీ. మేం రోడ్డవతల పెట్టుకుంటాం.

అక్క ఆ గీత వెంబడే కుర్చీ తోసుకుంటూ వెళ్లి మలుపు దగ్గర ఆగింది. ఇక్కడ కాస్త ఊపిరి తీసుకుంటారు, నీడ కావాలి అంది. రేపు రేకుకి కొలత తీసుకోవాలి.