రువాండాలో యూదు విద్యార్థుల దినచర్య: అన్నీ శుక్రవారం చుట్టూనే

రాజధాని కిగాలీ నుంచి తూర్పు రోడ్డు పట్టుకుంటే రువామగానా జిల్లా. అగహోజో-షాలోమ్ యువగ్రామం అక్కడే ఉంది. హోలోకాస్ట్ (నాజీలు సాగించిన యూదుల ఊచకోత) అనాథల కోసం ఇజ్రాయెల్‌లో వెలసిన యువగ్రామాలను చూసి, 1994 మారణహోమంలో అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లల కోసం ఆన్ హేమన్ అనే న్యూయార్క్ లాయరు 2008లో దీన్ని తెరిచారు. అమెరికా నుంచి యూదు విద్యార్థి బృందాలు సేవకు వస్తుంటాయి. మేం వెళ్లింది అలాంటి బృందంతోనే.

సామాను సర్దేటప్పుడే ఒక జాగ్రత్త: రువాండాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం. పులియబెట్టని మాట్జా రొట్టెలు, పప్పులు జిప్ కవర్లలో తెస్తే విమానాశ్రయంలోనే తీయించేస్తారు. స్టీలు డబ్బాలు, గుడ్డ సంచులు మేలు.

పొద్దున ఆరింటికి ప్రార్థన. సోమ, గురువారాల్లో యూదుల ధర్మగ్రంథం తోరా పఠనం కూడా ఉంటుంది కాబట్టి ఇంకాస్త సేపు పడుతుంది. సామూహిక ప్రార్థనకు పదిమంది కావాలి. ఆ పదిమందిలో ఆడపిల్లలను లెక్కేయాలా వద్దా అన్నది బయల్దేరే ముందే తేల్చుకోవాలి. లేదంటే రోజూ పొద్దున్నే అదే పేచీ.

అసలు పని వంటగదిలో. మన మడి వంట తెలిసినవాళ్లకు ఇది సగం అర్థమవుతుంది. కోషర్ కాని, అంటే యూదు ఆహార నియమాలకు సరిపడని మాంసం వండిన గిన్నెలో చిక్కుడు గింజలు ఉడికించినా వీళ్లకు పనికిరావు, అందుకే గిన్నెలు వేరే తెచ్చుకుంటారు. పొయ్యి యూదుల్లో ఒకరు వెలిగిస్తే చాలు, ఆపైన స్థానిక వంటామె వండినా అష్కెనాజీలకు (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదులకు) చెల్లుతుంది. సెఫార్దీలు (స్పెయిన్, పోర్చుగల్ మూలాల యూదులు) గిన్నె కూడా తామే పొయ్యి మీద పెట్టాలంటారు. గుడ్లు ఒక్కొక్కటే గాజు గ్లాసులో కొట్టి, రక్తపు చుక్క లేదని చూశాకే పెద్ద గిన్నెలో పోస్తారు. క్యాబేజీ అయితే ఆకులు విడదీసి, ఉప్పునీళ్లలో నానబెట్టి, కడిగి, వెలుతురుకు పట్టి పురుగు చూడాలి. రెండు పూటలు ఆ పని చేశాక ఎవరైనా క్యారెట్టు, బంగాళాదుంప, అరటికాయలకు దిగిపోతారు. కసావా ఆకు దంచి వండే ఇసోంబేలో ఒక్కోసారి చేపో మాంసమో పడుతుంది, అడిగి తినాలి.

పొద్దుటి పూట కూరగాయల మళ్లలో కలుపు, నీళ్లు. సాయంత్రం పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడించడం. గోడలు కట్టే పని మేస్త్రీలకు వదిలేయడమే న్యాయం. చేతకాని చేతులు ఇటుకలు వంకరగా పేరుస్తాయి, పైగా వాళ్ల కూలి పోతుంది.

శుక్రవారం పొద్దు గుంకితే సబ్బాతు మొదలు. శనివారం రాత్రి దాకా సాగే ఈ విశ్రాంతి దినాన నిప్పు వెలిగించకూడదు, వండకూడదు. అందుకే శుక్రవారం దెబ్బతినేది సూర్యుడి దగ్గరే. వేసవిలో న్యూయార్క్‌లో ఎనిమిది దాటాక పొద్దు గుంకుతుంది. ఇక్కడ భూమధ్యరేఖ పక్కన ఏడాది పొడుగునా ఆరు గంటల అటూ ఇటూ. సబ్బాతు దీపాలు అంతకు 18 నిమిషాల ముందే వెలిగించాలి. ఇంకా టైముందిలే అనుకుని స్నానాలకు వెళితే, బీన్స్, బార్లీ, దుంపలతో చేసే చోలెంట్ పచ్చిగానే మిగిలిపోతుంది. ఎత్తు ప్రదేశం, గింజలు తొందరగా ఉడకవు. అందుకే రాత్రే నానబెట్టి మధ్యాహ్నమే పొయ్యెక్కించాలి. కరెంటు పోతే హాట్‌ప్లేటు చల్లబడుతుంది, వేరే పొయ్యి వెలిగించడానికి వీల్లేదు. ఉడికించిన గుడ్లు, శనగల సలాడ్ చల్లగా తినేలా ముందే చేసిపెట్టాలి. టిష్యూ కాగితం కూడా ముందే చింపి పెట్టుకోవాలి, శనివారం చింపకూడదు.

నెలలో చివరి శనివారం ఉముగాండా. ఎనిమిది నుంచి పదకొండు దాకా దేశమంతా శ్రమదానం. తవ్వడం, నాటడం సబ్బాతు నాడు నిషిద్ధం. ఊరంతా పారలు పట్టిన రోజున వాలంటీర్లు ఊరికే కూర్చుంటే చూసేవాళ్లకు వింతే. శుక్రవారమే గ్రామపెద్దలకు చెప్పి, తమ వంతు కాలువ తవ్వకం ఆదివారానికి అడిగి పెట్టుకోవాలి.