మనుషుల వైద్యంలో జీవాల డాక్టరుకు ఏం పని?

మామునూరు, కోరుట్ల వెటర్నరీ కాలేజీల పిల్లలు ఈ మధ్య బాగా మెసేజ్‌లు పెడుతున్నరు, "అన్నా, బీవీఎస్సీ చేసి గుండె వాల్వుల మీద, స్టెంట్ల మీద ఎట్ల పని చేస్తున్నవ్, ఆ లైన్‌లకు ఎట్ల రావాలె" అని. వాట్సాప్‌ల ఒక్కొక్కరికి రాస్తే సగం సగమే చెప్పినట్టు అయితది, అందుకే ఇక్కడ తీరిగ్గ రాస్తున్న. మాది పరకాల దిక్కు, ఇంట్ల గొర్రెల మంద ఉండేది, రాజేంద్రనగర్‌ల సర్జరీ పీజీ చేసి తర్వాత పీహెచ్‌డీ చేసిన, ఇప్పుడు హైదరాబాద్‌ల పెద్ద జీవాల మీద పరిశోధన చేసే ఒక టీంను నడుపుతున్న. టీంల గుండె డాక్టర్లు, ఇంజనీర్లు, పాథాలజీ వాళ్ళు, షెడ్డు చూసుకునేవాళ్ళు అందరూ ఉంటరు.

పని ఏందంటే, ల్యాబ్‌ల పుట్టిన ఆలోచనకు, పేషెంట్‌కు అందే మందుకు లేదా పరికరానికి నడుమ ఉండే దూరం దాటించుడు. ట్రాన్స్‌లేషనల్ రీసెర్చ్ అంటరు. మొదట ఎలుకల్ల చూస్తరు, కానీ చిట్టెలుక గుండె నిమిషానికి 500, 600 సార్లు కొట్టుకుంటది, బరువు పావు గ్రాము కూడా ఉండదు, మనిషి గుండె 300 గ్రాములు. మనిషికి పెట్టే స్టెంట్ దాంట్ల ఎక్కడ పెడతం? పంది గుండె రక్తనాళాలు సైజులోనూ అమరికలోనూ మనయాటికి దగ్గరగ ఉంటయి కాబట్టి స్టెంట్ పందిల పెట్టి 28 రోజులకు లోపల కండ ఎంత పెరిగిందో చూస్తరు. పుండు మానుడు కూడ అంతే, ఎలుక చర్మం కింద ఉండే పల్చని కండ గుంజుకొని పుండును మూసేస్తది, మనకు, పందికి మాత్రం కొత్త చర్మం అంచుల నుంచి పాకుకుంట రావాలె. మోకాలు గుజ్జు మీద పనైతే గొర్రె, మేక. బ్రెయిన్ స్ట్రోక్‌కు ఎలుకల్ల బ్రహ్మాండంగ పనిచేసిన మందులు ఎన్నో మనుషుల దగ్గరికొచ్చి ఫెయిలైనయి, దానికి కారణాలు చాలా ఉన్నయి గానీ, ఏ జీవంల ఏ ప్రశ్న అడగాలె అనేది సరిగ్గ ఆలోచించకపోవుడు కూడ అందులో ఒకటి.

జీవం పెద్దదైనంత మాత్రాన జవాబు సరైనదే వస్తదని లేదు, ఈ మాట మాత్రం బాగ గుర్తు పెట్టుకోండ్రి. కుక్క గుండెల పక్కదారి రక్తనాళాలు ఎక్కువ, ఒక నాళం కట్టేసినా వేరే దిక్కు నుంచి రక్తం అందుతది, పందికి అవి చాలా తక్కువ, అదే నాళం కట్టేస్తే కండ చచ్చిపోతది. అంటే ఒకటే ప్రయోగం రెండు జీవాల్ల చేస్తే రెండు జవాబులొస్తయి. ఓసారి ఒక కొత్త కంపెనీ వాళ్ళు నోటితో మింగే గోళీని గొర్రెల్ల పరీక్షిద్దామని వచ్చిండ్రు, ప్రెజెంటేషన్ బాగుంది, ఫండింగ్ ఉంది, డాక్టర్లు కూడ సరే అన్నరు. నేను ఒకటే అడిగిన, ఆ గోళి ముందుగల పోయి పడేది ఏడ? రూమెన్ల, అంటే నెమరేసే జీవాల పెద్ద పొట్టల. అక్కడ లక్షల కోట్ల సూక్ష్మజీవులు దాన్ని నమిలి వేరే పదార్థం చేస్తయి, ఇగ రక్తంల ఎంత చేరిందో కొలిచి మనిషికి లెక్క కట్టుడు ఎట్లా? ఆ స్టడీని పందికి మార్చినం. గొర్రెల ప్రాణాలు మిగిలినయి, వాళ్ళ ఏడాది కూడ మిగిలింది. టీంను నడిపే మనిషి చేసే అన్నిటికన్న పెద్ద పని ఇదే అని నేను నమ్ముత. అందరూ ముందుకు ఉరుకుతుంటే, జీవం లోపలి సంగతి తెలిసినోళ్ళు "జర ఆగుండ్రి" అనాలె. ఆ మాట అనే హక్కు మనకు మన చదువే ఇచ్చింది.

మన దేశంల దీనికి గొప్ప ఉదాహరణ చిత్ర వాల్వు. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థల డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ గారి టీం తయారుచేసింది. గొంతు నొప్పితో మొదలై కీళ్ళవాతం జ్వరంగ మారి గుండె వాల్వులు పాడైన పిల్లలు మన దగ్గర ఎందరో, బయటి దేశం వాల్వు కొనే స్తోమత లేక పోయినవాళ్ళు ఎందరో. మొదటి మూడు మోడళ్ళు ఫెయిలైనయి, నాలుగోది నిలబడ్డది, గొర్రెల్ల పరీక్ష దాటినంకనే 1990 డిసెంబర్‌ల మొదటి మనిషికి పెట్టిండ్రు. ఇప్పటికి లక్ష మందికి పైగ పెట్టిండ్రు. వరంగల్ ఎంజీఎం దవాఖాన గుండె వార్డుల వాల్వు ఆపరేషన్ అయిన మనిషిని చూసినప్పుడల్లా నాకు ఆ ఫెయిలైన మోడళ్ళే యాదికొస్తయి. అవి మనుషుల గుండెల్ల ఫెయిల్ కాలేదు, అంతకు ముందే దొరికినయి.

ఇంకోటి చెప్త, ఇది మన ఊరి పీహెచ్‌సీ దాకా వచ్చిన కథ. న్యూజీలాండ్‌ల గ్రాహం లిగ్గిన్స్ అనే ప్రసూతి డాక్టరు అసలు వెతికింది, కాన్పు నొప్పులు ఎట్ల మొదలైతయి అని. కడుపుల ఉన్న గొర్రెపిల్లలకు స్టెరాయిడ్ ఎక్కిస్తే నెలలు నిండకముందే ఈనుతున్నయి, కానీ మామూలుగైతే బతకని ఆ పిల్లల్ల ఊపిరితిత్తులు తెరుచుకొని గాలి పీలుస్తున్నయి, అది ఆయన కంట పడ్డది. 1969ల రాసిండు, 1972ల హౌవీ అనే పిల్లల డాక్టరుతో కలిసి 282 మంది తల్లుల్ల చేసిన ట్రయల్ అచ్చైంది. ఇయ్యాల నెలలు నిండకముందు నొప్పులొస్తే 12 గంటలకొకటి చొప్పున 4 డెక్సామెథాసోన్ (ఇది కూడ స్టెరాయిడే) ఇంజెక్షన్లు ఇస్తరు కద, మొదటి డోసు ఏఎన్ఎం కూడ ఇచ్చి పంపొచ్చని 2014ల మన ప్రభుత్వం చెప్పింది కద, దాని మూలం ఆ గొర్రెపిల్లలే. కాకపోతే అమెరికాల అందరికీ ఇయ్యాలని గట్టిగ సిఫారసు వచ్చింది 1994ల. నడుమ ఇరవై ఏండ్లకు పైనే. పరిశోధన అయిపోయిందంటే పని అయిపోయినట్టు కాదు, ఆ ఇరవై ఏండ్లల్ల పోయిన పసిపిల్లల గురించి ఆలోచిస్తే ఇప్పటికీ నాకు మనసున పట్టదు.

ఇగ రోజువారీ పని. గొర్రెకు ఆపరేషన్ అంటే ముందు రోజు నుంచే మేత బంద్, అయినా పొట్ట ఖాళీ కాదు, మత్తుల ఉన్నప్పుడు లాలాజలం కారుతనే ఉంటది, గ్యాస్ ఆగి పొట్ట ఉబ్బి ఊపిరితిత్తులను నొక్కుతది, అందుకే గొట్టం వేసి గ్యాస్ తియ్యాలె, తల కిందికి వంచి పెట్టాలె. జైలజిన్ అనే మత్తు మందు గుర్రానికిచ్చే లెక్కల ఇస్తే పశువు లేవదు, దానికి పదో వంతు చాలు. పందికైతే గొంతుల గొట్టం వేసుడే కష్టం, స్వరపేటిక మలుపు తిరిగి ఉంటది, తాకితే బిగుసుకుంటది, మొద్దుబార్చే లిగ్నోకెయిన్ స్ప్రే కొట్టి ఓపిక పట్టాలె. పంది గుండె చాలా సున్నితం, కాథెటర్ (లోపలికి పంపే సన్న గొట్టం) తగిలినా లయ తప్పుతది. కొన్ని జాతి పందులకు మత్తు గ్యాస్ ఇస్తే ఒళ్ళు కాలిపోయి కండలు బిగుస్తయి, అది ముందుగాల జన్యు పరీక్షల చూసుకోవాలె. ఎంత పెద్ద కార్డియాలజిస్టుకైనా ఇవన్నీ తెలువవు, తెలువాల్సిన అవసరం కూడ లేదు, ఆయన పని ఆయన అద్భుతంగ చేస్తడు, ఇవి చూసుకోవాల్సింది మనం.

సంతల కొన్న గొర్రె సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కంటి రెప్ప తిప్పి చూస్తే తెల్లగ ఉంటది, నట్టలు రక్తం తాగి ఉంటయి. దాన్ని అట్లనే తెచ్చి గుండె తెరిస్తే వాల్వు మంచిదైనా గొర్రె పోతది, రిపోర్ట్‌ల "వాల్వు ఫెయిల్" అని పడ్తది. కాబట్టి క్వారంటైన్, నట్టల మందు, చిటుకు రోగం టీకా, పారుడు రోగం టీకా, ఇవన్నీ సైన్సే. అమెరికాల 2022 జనవరిల మేరీలాండ్ డాక్టర్లు 10 జన్యు మార్పులు చేసిన పంది గుండెను డేవిడ్ బెన్నెట్ అనే పేషెంట్‌కు పెట్టిండ్రు, ఆయన రెండు నెలలు బతికిండు, తర్వాత ఆ గుండెల పందుల సైటోమెగలో వైరస్ ఉన్నట్టు బయటపడ్డది. అంత పెద్ద జన్యు పని చేసిన దగ్గర కూడ చివరికి ప్రశ్న మన దగ్గరికే వచ్చింది, పంది ఆరోగ్యంగ ఉందా లేదా, ఏ పరీక్షతో చూసినం, అది చాలుతదా అని.

ఆపరేషన్ తర్వాత నేను అందరికన్న ఎక్కువ నమ్మేది మా షెడ్డు చూసుకునే కాకాను. జనగామ దిక్కు కుర్మోళ్ళ పెద్దాయన. గొర్రె నొప్పిని దాస్తది, పులి కంట పడకుండ బతికిన జాతి కద. మానిటర్ల అన్నీ నార్మల్ ఉన్నా ఆయన వచ్చి "సారూ, గది నెమరేస్తలేదు, చెవులు ఎనకకు పెట్టుకుంది, దానికి నొప్పున్నది" అంటే నేను వెంటనే మందు పెంచుత. గొర్రె ముఖం చూసి నొప్పి లెక్కించే స్కేళ్ళు కూడ ఇప్పుడు వచ్చినయి, ఆయన చెప్పేదీ స్కేల్ చెప్పేదీ ఎక్కువసార్లు ఒకటే ఉంటది. గొర్రెను ఎప్పుడూ ఒంటరిగ పెట్టొద్దని కూడ ఆయనే పట్టుబడ్తడు. మందల పుట్టిన జీవం, ఒక్కటే ఉంటే భయపడ్తది, ఆ భయం రక్త పరీక్షల కూడ కనపడ్తది. మీటింగుల్ల ఆయనను కూర్చోబెట్టి మాట్లాడిస్త, మా ఇంజనీర్లు నోట్స్ రాసుకుంటరు.

ఇంట్ల అమ్మ అడుగుతది, "మరి ఆ జీవాలను సంపుతరా బిడ్డా" అని. అవునమ్మా, చాలా స్టడీల్ల చివరికి నొప్పి లేకుండ ప్రాణం తియ్యాల్సే వస్తది, వాల్వు చుట్టు ఏం జరిగిందో పాథాలజిస్టు కోసి చూడకపోతే ఆ జీవం పడ్డ కష్టానికే అర్థం లేదు. ఈ నిజం తెలిసే ఈ పనికి రావాలె. జీవాలను హింసించొద్దనే 1960 చట్టం, వాటి మీద ప్రయోగాలకు 1998 నియమాలు ఉన్నయి, సంస్థ ఎథిక్స్ కమిటీ చూసినంక గొర్రె, మేక, పంది, కుక్క లాంటి పెద్ద జీవాలకు సీసీఎస్ఈఏ అనే కేంద్ర ప్రభుత్వ కమిటీ అనుమతి కూడ కావాలె, దానికి నెలలు పడ్తయి, పట్టనియ్యండ్రి. 1959ల రస్సెల్, బర్చ్ అనే బ్రిటన్ శాస్త్రవేత్తలు చెప్పింది మూడు మాటలు, జీవం లేకుండ అయ్యేదుంటే అట్లనే చెయ్యి, తక్కువల చెయ్యి, బాధ తగ్గించు. మన దేశం దానికి నాలుగోది కలిపింది, బతికిన జీవాన్ని తర్వాత చూసుకునే బాధ్యత, ఆ ఖర్చు కూడ పరిశోధన ఖర్చులనే పెట్టాలె. ఏ స్థాయిల బాధ కనపడితే స్టడీ ఆపాలో ముందే కాగితం మీద రాస్త, ఆ గీత దాటితే డేటా ఎంత విలువైనదైనా ఆపుత, దీంట్ల నాకు మొహమాటం లేదు.

తక్కువ జీవాలంటే లెక్క ఇంకా పక్కాగ ఉండాలె, ఏ గొర్రెకు ఏ వాల్వు అనేది లాటరీ తీసి నిర్ణయించాలె, కొలిచేటోళ్ళకు అది తెలువొద్దు. వాల్వు స్టడీ ఒక్కోటి దాదాపు 5 నెలలు నడుస్తది, ఫలితం రాకపోయినా అచ్చెయ్యాలె, లేకుంటే ఇంకెవరో అదే తప్పు దారిల ఇంకిన్ని జీవాలను పెడతరు.

జీవాలు లేకుండ పరీక్షలు చేసే పద్ధతులొస్తున్నయి కద, మీ ఉద్యోగం పోతదా అని కొందరు అడిగిండ్రు. 2022 చివర్ల అమెరికా చట్టం మార్చింది, 2023ల మన దేశం కూడ కొత్త మందుల నియమాలల్ల మనిషి కణాలను చిన్న చిప్పు మీద పెంచి చూసుడు, కంప్యూటర్ మోడళ్ళు లాంటి వాటికి చోటిచ్చింది. చాలా మంచిది, రావాలె, నేనే మా దగ్గరికొచ్చే ప్రపోజల్స్‌ల కొన్నిటిని అటు దిక్కు పంపుత. కానీ కొట్టుకునే గుండెల నెలల తరబడి తెరుచుకొని మూసుకునే వాల్వుకు ఇప్పటికైతే చిప్పు సరిపోదు.

మూడో సంవత్సరం, నాలుగో సంవత్సరంల ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ముందుగాల మత్తు ఇచ్చుడు బాగ నేర్చుకోండ్రి, సర్జరీ కన్న ముందు అదే. ఎకో, అల్ట్రాసౌండ్ చేతికి రానియ్యండ్రి. స్టాటిస్టిక్స్‌ను పాస్ మార్కుల సబ్జెక్టు లెక్క చూడొద్దు. జీనోమ్ వ్యాలీల ఐసీఎంఆర్ వాళ్ళ జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది, ట్రైనింగ్‌లు, నోటిఫికేషన్లు చూస్తుండండ్రి. పీజీల సర్జరీ, మెడిసిన్, పాథాలజీ, ఫార్మకాలజీ ఏది తీసుకున్నా ఈ దిక్కు రావచ్చు. ఇంటర్న్‌షిప్‌ల గ్రామాలకు పోయినప్పుడు గొల్ల కుర్మోళ్ళ మందల దగ్గర ఓ పూట కూర్చోండ్రి, ఏ గొర్రెకు బాగలేదో వాళ్ళు ఎట్ల పట్టుకుంటరో అడుగుండ్రి, చెప్పింది రాసుకోండ్రి. ఇంకేమన్న అడగాలనుకుంటే అడుగుండ్రి, రెండో పోస్టుల అప్లికేషన్ ఎట్ల రాయాలె, ఎథిక్స్ ఫారం ఎట్ల నింపాలె అనేది చెప్త.