వాచ్‌మన్ జీతం ఏ పద్దులో రాయాలి?

నేను శనివారాలు లెక్కలు చూసే చిన్న స్వచ్ఛంద సంస్థలో పోయిన శనివారం మళ్ళీ అదే గొడవ. దాతలు పంపిన ఎక్సెల్ షీట్‌లో 14 పద్దులున్నాయి. శిక్షణ ఉంది, స్టేషనరీ ఉంది, ప్రయాణ ఖర్చులున్నాయి, దాతల పేరు కనపడేలా పెట్టే బోర్డులకి కూడా ఒక గడి ఉంది. రాత్రంతా కాపలా కాసే మనిషికిచ్చే జీతం రాసుకోవడానికి మాత్రం గడి లేదు.

నేనెవరో, నాకక్కడేం పనో ముందు చెప్తాను. కెన్యాలో విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము అనే ఊళ్ళో ఉంటున్నాను, ఇది ఏడో ఏడు. ఊరికి తూర్పు వైపంతా చెరకు తోటలు, చక్కెర మిల్లులు. అలాంటి ఒక మిల్లులో అకౌంట్స్ చూస్తాను. శనివారం ఒంటిగంటకి డ్యూటీ దిగి మటాటు ఎక్కుతాను. మన షేర్ ఆటోకి అన్నలాంటిది, 14 మంది పట్టే వ్యాన్‌లో ఇరవై మందిమి సర్దుకుని అహెరో దాకా పోతాం. అహెరోలో కాలవ నీళ్ళతో వరి పండిస్తారు. మొదటిసారి ఆ మళ్ళు చూసి ఆగలేక అమ్మకి వీడియో కాల్ చేస్తే, "ఇదేందిరా, కణేకల్లు మాదిరే ఉందే" అంది. మాది అనంతపురం జిల్లా లెండి.

అహెరో నుంచి బైక్ మీద పదిహేను నిమిషాలు పోతే ఆ సంస్థ ఆఫీసు. రెండు గదులు, రేకుల కప్పు, ముందు పదివేల లీటర్ల నల్ల ట్యాంకు. ట్యాంకు మీద నాలుగు దేశాల దాతల స్టిక్కర్లు నాలుగు. ట్యాంకు కొనిచ్చింది ఒకరే, మిగతా ముగ్గురిలో ఒకరు సిమెంటు దిమ్మ, ఒకరు పైపు, ఒకరు కుళాయి. ఆ కుళాయి కారుతూనే ఉంటుంది, కింద ఎప్పుడూ రెండు బాతులు. బోరు నీళ్ళు, చిన్నపిల్లల బడి, ఆడవాళ్ళ పొదుపు గుంపులు, కూరగాయల మళ్ళు, సంస్థ చేసేది ఇంతే. జీతం తీసుకునేవాళ్ళు నలుగురు: నడిపే పెద్దావిడ, ఇద్దరు టీచర్లు, వాచ్‌మన్.

ఆ పెద్దావిడ రిటైరైన టీచరు. ఇక్కడ పెద్ద వయసు ఆడవాళ్ళని "మామా" అంటారు, స్వాహిలీలో అమ్మ అని. నేను ఫోన్ పక్కన పెట్టి "మామా, మార్చి నెల రసీదులేవి?" అని అరుస్తుంటే అటువైపు మా ఆవిడ, "అక్కడ కూడా మేనమామని సంపాదించారా" అని చాలా రోజులు నవ్వింది.

వాచ్‌మన్‌కి నెలకి 9,000 షిల్లింగులు, మన రూపాయల్లో ఆరు వేల చిల్లర. ఒకసారి ఆయన బంధువుల అంత్యక్రియలకి వెళ్ళాడు. ఇక్కడి లువో తెగ వాళ్ళలో అంత్యక్రియలంటే ఒక పూటలో తేలే పని కాదు, ఊళ్ళకి ఊళ్ళు కదులుతాయి. ఆయన మూడో రోజు తిరిగొచ్చేసరికి పంపుకున్న సోలార్ బ్యాటరీ లేదు. దాని ఖరీదు ఆయన ఎనిమిది నెలల జీతం. ఫోటోలు తీసి పంపితే, బ్యాటరీ ఇచ్చిన యూరప్ సంస్థ పదిహేను రోజుల్లో కొత్తది కొనుక్కోండని డబ్బులు పంపింది, నిజంగా మంచివాళ్ళు. అదే ఊపులో వాచ్‌మన్ జీతంలో సగమైనా భరించండని అడిగాం. నెలనెలా అయ్యే ఖర్చులకి ఇవ్వడం మా విధానం కాదండి అని ఎంతో మర్యాదగా జవాబొచ్చింది. అంటే బ్యాటరీ రెండుసార్లు కొంటారు గానీ దాన్ని కాపాడే మనిషికి ఇవ్వరు. నేను అకౌంటెంట్‌ని, నాకిది ఇప్పటికీ మింగుడు పడదు.

వాళ్ళని తిట్టడం తేలికే, వాళ్ళ బాధ వాళ్ళకుంటుంది. వాళ్ళకి డబ్బులిచ్చే మామూలు జనానికి బ్యాటరీ ఫోటో చూపించొచ్చు, రాత్రంతా కాపలా కాసే ముసలాయన ఫోటోకి ఎవరు చందా ఇస్తారు? మన దగ్గరా ఇదే కదా. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద విదేశీ డబ్బులు తీసుకునే సంస్థలు 2020 సవరణ తర్వాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 దాకా ఉండేది. ఆ డబ్బు కూడా ముందుగా ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఇక్కడ ఆ గొలుసులు లేవు, దాతల గొలుసులు ఉన్నాయి.

ఇక వాలంటీర్లు.

జూలై వస్తే దిగుతారు. యూరప్‌లో అప్పుడు సెలవులు కాబట్టి వాళ్ళకి కుదిరేది అప్పుడే. చాలామంది పిల్లలకి పాఠాలు చెప్తామనే వస్తారు. చిక్కేంటంటే కెన్యాలో రెండో టర్మ్ ఆగస్టు మొదట్లో అయిపోతుంది, ఆ నెల చాలావరకు బళ్ళకి సెలవులే. పోనీ సెలవుల్లో ట్యూషన్ పెడదామంటే చట్టం ఒప్పుకోదు. అయినా మొదటి ఏడాది మామా మొహమాటానికి పోయి చుట్టుపక్కల పిల్లల్ని పిలిపించింది, పాపం వాళ్ళు పశువుల దగ్గర నుంచి, కలుపు దగ్గర నుంచి మొహాలు కడుక్కుని వచ్చి ఇంగ్లిష్ పాటలు పాడి వెళ్ళారు. ఇప్పుడు అలా చేయడం మానేశాం, ఆగస్టులో వచ్చేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాం.

మన దగ్గరలాగే తెల్లవాళ్ళ మోజు ఇక్కడా ఉంది. వాళ్ళని మ్జుంగు అంటారు, నన్ను ముహిందీ (ఇండియావాడు) అంటారు, ముహిందీ కనపడితే జనానికి ముందు గుర్తొచ్చేది హార్డ్‌వేర్ షాపు. ఆరేళ్ళుగా వస్తున్నా "సిమెంటు ఎంతకిస్తారు" అని అడిగేవాళ్ళున్నారు. మ్జుంగు అమ్మాయి వస్తే మాత్రం మొదటి రోజే లువో పేరు పెట్టేస్తారు. ఇక్కడ పుట్టిన వేళని బట్టి పేరు, పొద్దున్న పుడితే అకిన్యి, రాత్రయితే అటియెనో, వానలో అయితే అకోత్. వాలంటీర్లకి దిగిన వేళని బట్టి పెడతారు.

ఒకమ్మాయి, పంతొమ్మిదేళ్ళుంటాయేమో, ఒక సాయంత్రం నా లెక్కల పుస్తకం చూస్తూ చూస్తూ తన ఫోన్‌లో ఒక రసీదు తీసి చూపించింది. నాలుగు వారాలకి తనని పంపిన ఏజెన్సీకి 1,400 యూరోలు కట్టింది, విమానం టికెట్ కాకుండా. మా పుస్తకంలో ఆ ఏజెన్సీ నుంచి తన పేరు మీద వచ్చింది వారానికి 40 యూరోలు, అందులోంచే భోజనం పెట్టే ఇంటావిడకి ఇవ్వాలి. ఆ పిల్ల రెండు అంకెల్నీ కాసేపు అలాగే చూసి, "మిగతావి?" అంది. నేనేం చెప్తాను, అది నా పుస్తకంలో లేదు. మరుసటి రోజు నుంచి పిల్లలతో ఫోటోలు మానేసి, నాలుగేళ్ళ హాజరు పట్టీలు కంప్యూటర్‌లో ఎక్కించింది. పోయిన ఏడాది మాకొచ్చిన ఒకే ఒక పెద్ద గ్రాంటుకి ఆ పట్టీలే ఆధారం.

ఇంకొకాయన ఐర్లాండ్ నుంచి, జీవితమంతా ప్లంబింగ్ చేసి రిటైరయ్యాడు. రెండో రోజే పంపు విప్పాడు. లోపల రబ్బరు సీల్ అరిగిపోయి పీచులా ఉంది. వాళ్ళ దేశం నుంచి తెప్పిస్తాడేమో అనుకున్నాం. అదేం లేదు, మా ఊరి ఫుండిని (మేస్త్రీ, మెకానిక్, అన్నీ ఆయనే) వెంటేసుకుని కిసుములో జువా కాలి వీధికి పోయాడు. జువా కాలి అంటే మండే ఎండ, చెట్ల కింద, రేకుల కింద కూర్చుని ఇనప సామాను చేసేవాళ్ళందరినీ అలా పిలుస్తారు. అక్కడ లారీ ట్యూబు కోయించి సీల్ చేయించాడు, రెండుసార్లు కుదరలేదు, మూడోది కుదిరింది. తర్వాత ఆ సీల్ కొలతలు, ఏ బోల్టుకి ఏ నంబరు స్పానరో, పంపు గది గోడ మీద ఎర్ర పెయింటుతో ఫుండి చేతే లువోలో రాయించాడు. గోడంతా గజిబిజిగా, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. అప్పట్నించి పంపు ఆగితే ఎవరికీ ఈమెయిల్ పెట్టలేదు.

డబ్బుల సంగతికి మళ్ళీ వస్తా, ఎందుకంటే 2024లో మా నెత్తిన పడ్డది ఏ దాతల మీటింగ్‌లోనూ చెప్పుకునేది కాదు. 2024 జనవరిలో డాలర్ 160 షిల్లింగుల దాకా పోయింది. భయపడుతూనే 155 లెక్కన బడ్జెట్ వేశాం, 12,000 డాలర్లు వస్తే 18 లక్షల 60 వేలు. ఫిబ్రవరిలో కెన్యా ప్రభుత్వం జూన్‌లో తీర్చాల్సిన పెద్ద యూరోబాండ్ (విదేశాల్లో డాలర్లలో తెచ్చుకున్న) అప్పుకి కొత్త బాండు అమ్మి దారి చూసుకుంది, దాంతో షిల్లింగు ఒక్క ఉదుటున లేచింది. ఏప్రిల్‌లో మా డబ్బులు పడేసరికి డాలర్ 130. వచ్చింది 15 లక్షల 60 వేలు. దేశమంతా షిల్లింగు బలపడిందని సంబరపడుతుంటే మామా, నేను కాలిక్యులేటర్ ముందు పెట్టుకుని మూడు లక్షలు ఎక్కడ కోయాలా అని కూర్చున్నాం. టీచర్ల జీతం కోయలేం, వాచ్‌మన్‌ది ఎలాగూ పద్దులోనే లేదు.

అదే నెలలో వరదలు. నియాండో నది పొంగి బడి ముందుదాకా వచ్చింది, రెండు గదుల్లో పదకొండు కుటుంబాలు. మా దగ్గర మహిళా నాయకత్వ శిక్షణకని 2 లక్షల 40 వేలు ఖర్చు కాకుండా ఉన్నాయి. శిక్షణ పొందాల్సిన ఆడవాళ్ళే మా బెంచీల మీద పిల్లల్ని పడుకోబెట్టుకుని ఉన్నారు. ఆ డబ్బుతో చాపలు, క్లోరిన్, పిండి కొనుక్కోవచ్చా అని అడిగాం. ఐదు వారాలకి జవాబు: బడ్జెట్ సవరణ ఫారం నింపండి. అప్పటికి నీళ్ళు తీసేసి బురద కూడా ఎండిపోయింది.

ఆ ఐదు వారాలూ అన్నం పెట్టింది చామా. చామా అంటే మన డ్వాక్రా గ్రూపుల్లాంటిదే, ఇరవై, ముప్పై మంది ఆడవాళ్ళు వారం వారం వేసుకునే పొదుపు. ఆపదకని విడిగా తీసి పెట్టిన డబ్బంతా తీసేశారు. వాట్సాప్‌లో హరాంబీ పెట్టారు, అంటే అందరం కలిసి చెయ్యి వేద్దాం అని, నైరోబీలో, మొంబాసాలో పనిచేసుకునే ఈ ఊరి పిల్లలు ఎం-పెసాలో 50, 100, 200 అలా వేశారు. ఎం-పెసా 2007 నుంచీ ఉంది, మన ఫోన్‌పే కంటే పాతది. ప్రతి దానికీ పది అక్షరాల కోడ్‌తో మెసేజ్ వస్తుంది, నేను ఒక్కొక్కటీ కాగితం మీద ఎక్కించాను, 61 వేల చిల్లర తేలింది. దీనికి స్టిక్కర్ అతికించడానికి ట్యాంకు మీద చోటు లేదు, వాళ్ళు అడగనూ లేదు.

మా ఊళ్ళో స్పెయిన్ నుంచి అతిథులొచ్చేవాళ్ళు, అనంతపురం వాళ్ళకి చెప్పక్కర్లేదు, పేదల కోసం ఆర్‌డీటీ సంస్థ పెట్టిన ఫాదర్ ఫెర్రర్ 1969లో వచ్చిన దగ్గర్నుంచీ. బస్సు దిగేవాళ్ళకి వేసే బంతిపూల దండలు గుచ్చిన పిల్లల్లో నేనొకణ్ణి. ఫోటోల్లో ఎక్కడో వెనక నా నెత్తి ఉంటుంది. ఆ స్పెయిన్ దాతల డబ్బులతో కట్టిన బళ్ళు, ఇళ్ళు, బత్తలపల్లి ఆసుపత్రి ఈ రోజుకీ ఉన్నాయి కాబట్టి విదేశీ డబ్బులన్నీ దండగ అని నాతో ఎవరూ అనిపించలేరు. ఆయన నలభై ఏళ్ళు ఉన్నాడు, చనిపోయేదాకా. నాలుగు వారాలు కాదు.

2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం ఆపేసినప్పుడు మాకు నేరుగా తగల్లేదు, మేము యూఎస్‌ఎయిడ్ (ఆ ప్రభుత్వ సాయం పంచే సంస్థ) డబ్బులు నేరుగా తీసుకునేంత పెద్దవాళ్ళం కాదు. కానీ హెచ్ఐవీ మందులు వాడేవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి డోసు గుర్తుచేసే ఇద్దరు ఆడవాళ్ళకి నెలకింత అని ఒక పెద్ద సంస్థ ద్వారా వచ్చేది. సరస్సు చుట్టుపక్కల ఈ జబ్బు దేశంలోకెల్లా ఎక్కువ. ఒక్క మెసేజ్‌తో అది ఆగిపోయింది. జూలై 1న యూఎస్‌ఎయిడ్ కథే ముగిసింది. బ్రిటన్ కూడా జాతీయాదాయంలో 0.5 శాతం ఉన్న సాయాన్ని 2027కల్లా 0.3కి దించుతానంది. ఆ ఇద్దరిలో ఒకావిడ ఇప్పుడు బజార్లో ఒమెనా (నెత్తళ్ళలాంటి చిన్న ఎండు చేపలు) అమ్ముతోంది, రెండో ఆవిడ పైసా లేకుండా ఇంకా ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది. ఈవిడని ఎవరూ వాలంటీర్ అనరు.

సరే, పోయిన శనివారం. మామా పదిసార్లు షీట్ పైకీ కిందకీ జరిపి, "శిక్షణలో రాయి" అంది. ఎవరికి శిక్షణ మామా, దొంగలకా అన్నా. నవ్వింది గానీ ఫోన్ తీసి ఆయనకి 9,000 పంపేసింది, అది ఎలాగూ తన పెన్షన్ డబ్బులోంచే. కోడ్ చదువుతుంటే నేను రాసుకున్నా. పద్దు: ఇతరములు. పోయిన ఏడాది ఇతరములు ఐదు శాతం దాటాయని వివరణ అడిగిన ఈమెయిల్ ఇంకా జవాబివ్వకుండా అలాగే ఉంది, వచ్చే శనివారం చూడాలి.