మూడు కిలోల చింతపండు

మన పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చాక రాయడానికి కూర్చున్నాను. బి డార్మిటరీ దెయ్యం గురించి, గంట మాయమైన రాత్రి గురించి ఎవరో ఒకరు రాసే ఉంటారు, ఆ ఆదివారం ఉప్మా సంగతి అసలే వదలరు. నేను కానుగ సారు గురించే రాస్తాను.

హిందూపురం దగ్గర కొడిగెనహళ్లి గురుకుల పాఠశాలలో నేను ఎనిమిదిలో చేరింది 1976లో. బడి పెట్టి అప్పటికి నాలుగేళ్లే, ఎటు చూసినా గుండ్రాళ్లు, ఎండ. ఏడాది సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లే ఉండే జిల్లా మన అనంతపురమని తర్వాతెప్పుడో లెక్కల్లో చదివాను గానీ, సారు ఆ పాఠం బకెట్లతోనే చెప్పేశారు. స్నానం చేసిన నీళ్లు తలా ఒక బకెట్ మోసుకెళ్లి మన కానుగ మొక్కకు పోయాలి, పోశాకే టిఫిన్. వేసవి మొదట్లో చేలన్నీ ఎండి పడుంటే కానుగ ఒక్కటే లేతాకు వేసేది. ఒక ఆకు తుంచి ఎండకు అడ్డంపెట్టి, అందులో ఈనెలు ఎలా చీలిపోతున్నాయో వేలితో చూపించేవారు. ఆ ఆకుపచ్చ వెలుగు ఆయన చొక్కా మీద పడేది. ఆ చొక్కాలు రెండే, మీకు తెలుసు కదా.

ఆయన క్వార్టర్ ముందు చింతచెట్టు బడిది, కాయ మెస్‌కి పోవాలి. వాకిట్లో రాలిన కాయలు కూడా అమ్మగారు చేటలో ఏరి మెస్‌కే పంపేవారు, ఇంట్లోకి మాత్రం హిందూపురంలో కొనుక్కునేవారు. పదో తరగతి అయిపోతుందనగా సారుకి బదిలీ వచ్చింది. ఏమివ్వాలో తెలీక రాత్రిపూట ఆ చెట్టే దులిపాం, డార్మిటరీలో కూర్చుని గింజలు కొట్టాం, పీచు తీశాం, బజార్లో మేలురకం చింతపండు కరిపులిలాగా నిగనిగలాడే పండు మూటకట్టి అమ్మగారి చేతిలో పెట్టి పరిగెత్తాం.

తెల్లారి ఆయన ఆ మూట తెచ్చి మెస్ తక్కెడలో పెట్టారు. మూడు కిలోల చిల్లర. ఆ వారం హిందూపురం ధర ఎంతో వంటాయన్ని అడిగి, స్టాకు రిజిస్టర్లో రాయించి, డబ్బు కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని, మూట మళ్లీ ఇంటికే తీసుకెళ్లారు. తిట్లు పడతాయని మేం గోడ పక్కన నక్కి ఉన్నాం. మా ముందు ఆగి, "బాగా కొట్టినార్రా, ఒక్క గింజ లేదు," అన్నారు, అంతే.

ముప్పై ఏడేళ్లు ఇంజనీరుగా చేసి ఈమధ్యే రిటైరయ్యాను. టేపు పట్టి కొలవని కొలత ఒక్కటి కూడా నా ఎం బుక్‌లో, అంటే పనుల కొలతలు రాసే పుస్తకంలో, లేదు. సంతకం పెట్టమని ఒత్తిడి వచ్చి టెన్షన్‌తో నిద్రపట్టని రాత్రులున్నాయి, అప్పుడల్లా ఆ తక్కెడే కళ్లముందు ఊగేది. అప్పులేని రెండు గదుల ఇల్లు, వాకిట్లో కానుగ, ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుగా చేస్తున్న కూతురు. నాకు చాలు, చాలా ఎక్కువే అనిపిస్తుంది.

నా మొక్క మెస్ వెనక వరసలో మూడోది, బావివైపు నుంచి లెక్క. కలిసే రోజున ఎవరు ముందు చేరితే వాళ్లు చూసి పెట్టండి, ఉందో లేదో.